చెరపకురా చెడేవు

ఎవరైనా నా ఉద్యోగం ఏమిటని అడిగితే "మందుల ఫ్యాక్టరీలో" అంటాను. అడిగినవారు వెంటనే మోకాలి నొప్పికి ఏ మాత్ర మంచిదో చెప్పమంటారు. ఆ విద్య నాకు బొత్తిగా తెలియదు. నేను మందులు చూడను, మందుల కాగితాలు చూస్తాను. రోజూ పొద్దున్నే సంగారెడ్డిలో కంపెనీ బస్సు ఎక్కుతాను. కంది, రుద్రారం దాటి, ఇస్నాపూర్ చౌరస్తాలో లారీల మధ్య ఓ పావుగంట నిలబడి, పాశమైలారం చేరతాను. ఇక సాయంత్రం దాకా ఒకరు రాసినవి చదవడం, తప్పులు పట్టడం. పాతికేళ్ళుగా ఇదే పని. తప్పులు పట్టినందుకు జీతం ఇచ్చే చోటు కూడా లోకంలో ఉంటుందని పెళ్ళయ్యేదాకా తనకు తెలియదని మా ఆవిడ అంటూ ఉంటుంది.

తప్పు పట్టడమంటే మరేమీ కాదండీ. మందు తయారయ్యేటప్పుడు ప్రతి అడుగూ ఒక పుస్తకంలో రాయాలి. ఏ ముడిసరుకు ఎంత వేశారు, ఎన్ని గంటలకు వేశారు, వేడి ఎన్ని డిగ్రీలు, ఎవరు వేశారు, పక్కన నిలబడి చూసినదెవరు, అన్నీ రాయాలి. దాన్ని మేము బ్యాచ్ రికార్డు అంటాం. రాసేవాడు మనిషే గనుక తప్పు రాస్తాడు. తప్పు రాయడం నేరం కాదు. దాన్ని చెరపడం నేరం. 53 అని రాయబోయి 58 అని రాస్తే, ఆ 58 మీద ఒకే ఒక్క గీత కొట్టాలి. గీత కింద పాత అంకె స్పష్టంగా కనపడుతూనే ఉండాలి. పక్కన సరయిన అంకె రాసి, సంతకం చేసి, తేదీ వేసి, ఎందుకు దిద్దవలసి వచ్చిందో ఒక ముక్క రాయాలి. తెల్లరంగు పుయ్యకూడదు. అంకె మీద అంకె దిద్దకూడదు. కాగితం చింపకూడదు.

కాగితం పోయి కంప్యూటరు వచ్చాక కూడా ఈ ధర్మం మారలేదు. అమెరికాకు మందులు పంపేవారికి అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ 1997లో ఒక నిబంధన పెట్టింది. కంప్యూటరులో ఎవరు ఏది మార్చినా, ఎప్పుడు మార్చారో తేదీ, వేళలతో సహా దానంతటదే నమోదు కావాలి. కొత్తది రాసినందువల్ల పాతది మరుగున పడకూడదు. మా ప్రాంతంలో సగం ఫ్యాక్టరీలు మందులవే గనుక, ఈ ఒక్క నిబంధన మీద మా బస్సులో జరిగినన్ని చర్చలు శాసనసభలో కూడా జరిగి ఉండవు.

మొన్నామధ్య ఒక కుర్ర కెమిస్టు, కొత్తగా చేరినవాడు, 3 ను 8 గా దిద్ది నా ముందుకు తెచ్చాడు. నేను కళ్ళజోడు సవరించుకుని, "నాయనా, ఇది 3 అయినా కాదు, 8 అయినా కాదు. ఇప్పుడిది నీ పరువు" అన్నాను. ఆ పిల్లవాడు తల వంచుకున్నాడు. నేను ఊరుకోలేదు. చెరపకురా చెడేవు అని మన పెద్దలు ఊరికే అన్లేదనీ, తప్పుకు క్షమాపణ ఉంటుంది గాని చెరిపినదానికి ఉండదనీ ఓ పది నిమిషాలు ఉపన్యసించాను. పక్క టేబులు వాళ్ళు కూడా వింటున్నారని తెలిసి కొంచెం గొంతు పెంచానేమో కూడాను.

ఇంతటి ధర్మరాజు ఇంట్లో ఏం చేశాడో ఇప్పుడు చెప్పాలి.

మా నాయిన వ్యవసాయదారు. పటాన్‌చెరుకూ సంగారెడ్డికీ మధ్య, నక్కవాగు ఒడ్డున మాకు కొంచెం పొలం ఉండేది. నక్కవాగు పోయి మంజీరాలో కలుస్తుంది. డెబ్బయిలలో ఈ ప్రాంతానికి ఫ్యాక్టరీలు రావడం మొదలైంది. మా పొలం కొంత రోడ్డుకు పోయింది, కొంత బేరానికి పోయింది. నాయిన ఎడ్లను సదాశివపేట అంగడిలో అమ్మి వచ్చి, ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా ఉద్యోగంలో చేరాడు. ఆ జీతంతోనే నేను చదువుకున్నాను. తరవాత వాగు ఏమయిందో ఈ జిల్లాలో అందరికీ తెలుసు. నీళ్ళ రంగు మారింది, చేపలు పోయాయి, పొలాలు పాడయ్యాయి. పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం వ్యవహారం 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. నష్టపోయిన రైతుల లెక్కలు, నీటి పరీక్షల లెక్కలు కోర్టు కాగితాలలో ఉన్నాయి. ఆ నీళ్ళు తాగి పెరిగినవాడికి ఎలా ఉండేదో మాత్రం ఏ కాగితంలోనూ ఉండదు కదా. అది మా నాయిన నోట్లో ఉండేది.

2020లో కరోనా వచ్చి అందరమూ ఇళ్ళల్లో కూచున్న రోజుల్లో నాయిన చెప్పడం మొదలుపెట్టాడు. అప్పటికి ఆయనకు ఎనభై. నేను ఎదురుగా కూచుని కంప్యూటరులో టైపు చేసేవాణ్ణి. ఆయన ఎలా అంటే అలాగే, ఒక్క అక్షరం పొల్లుపోకుండా కొట్టాను. రెండు నెలల్లో నలభై పేజీలు తేలింది. వాగు ఒడ్డున చెరుకు తోట, మోట కొట్టేటప్పటి పాటలు, రజాకార్ల కాలంలో వాళ్ళ నాయన ధాన్యం దాచిన చోటు, మొదటిసారి ఫ్యాక్టరీ సైరను విని ఎడ్లు బెదిరి పారిపోవడం, అన్నీ ఉన్నాయి అందులో.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఊరుకుంటే నేను తప్పులు పట్టే ఉద్యోగిని ఎలా అవుతాను? నాయినది మెదకు యాస. నేను బళ్ళో నేర్చుకున్నది పుస్తకాల తెలుగు. ఈ నలభై పేజీలూ రేపు చుట్టాలకు చూపిస్తే నలుగురూ మెచ్చుకోవాలి గదా అని, రోజూ రాత్రి భోజనమయ్యాక దిద్దడం మొదలుపెట్టాను. "కనవడుతుండె" అన్న చోట "కనిపించేది". "గప్పుడు" అన్న చోట "ఆ కాలమున". ఒక్కొక్క పేజీ దిద్దడం, దాని మీదే భద్రపరచడం. ఇలా ఆరు నెలలు.

ఫైలు ఒక్కటే ఉందని అనుకునేరు, అబ్బే, పది ఉన్నాయి. "నాయిన కథ", "నాయిన కథ ఫైనల్", "నాయిన కథ ఫైనల్ 2", "అసలు ఫైనల్", "ఇదే వాడాలి", "ఇదే వాడాలి కొత్తది". మీ ఇంట్లో కంప్యూటరు ఉంటే ఈ వరస మీకు కొత్త కాదు. పెళ్ళి పిలుపుల జాబితా, పిల్లవాడి ఉద్యోగం దరఖాస్తు, ఇంటి ఖర్చుల పట్టీ, ఏది తెరిచినా ఇదే వంశవృక్షం.

నాయిన 2022లో కాలం చేశాడు. 2023లో సంవత్సరీకం నాడు చుట్టాలందరూ వచ్చారు. భోజనాలయ్యాక మా మేనత్త, నాయిన చెల్లెలు, "మీ నాయిన చెప్పిన ముచ్చట్లు రాసినవంట గదరా, జెర చదువు, ఇంట" అంది. నేను ఎంతో గర్వంగా కంప్యూటరు తెచ్చి, వాగు గురించిన భాగం తీసి చదివాను. "ఆ కాలమున వాగునీరు మిక్కిలి స్వచ్ఛముగా ఉండెడిది. అనంతరము పరిశ్రమల వలన కాలుష్యము సంభవించినది."

అందరూ బాగుందన్నారు. అత్త మాత్రం కొంగుతో కళ్ళు తుడుచుకుని, "గిది మా అన్న మాటెట్లయితదిరా? గిది నువ్వు రాసుకున్న మాట" అంది. నేను నవ్వబోయాను. ఆమె మళ్ళీ అంది: "వాగు చెడిపోయినంక ఆ నీళ్ళను మా అన్న ఒక మాటనేటోడు. వాగు దాటేటప్పుడల్లా అదే మాట. గది రాయలేదా?"

రాశాను. రాసినట్టు నాకు బాగా జ్ఞాపకం. టైపు చేస్తుండగా ఆ మాట నాకు తెలియక, నాయినను రెండుసార్లు అడిగి మరీ కొట్టాను. ఆరు నెలల తరవాత దాన్ని చెరిపి "కాలుష్యము" అని పెట్టినదీ నేనే. ఆ రాత్రి పది ఫైళ్ళూ తెరిచాను. పదింటిలోనూ "కాలుష్యము" అనే ఉంది. "నాయిన కథ" అనే మొదటి ఫైలు మీదే దిద్దుడంతా జరిగింది. మిగతావన్నీ ఆ తరవాత పుట్టిన కాపీలు. ఆ మాట ఏమిటో అత్తకూ గుర్తు రాలేదు. "నోటి మీదనే ఉంది, వస్తలేదు" అంది. నాకూ రాలేదు. ఇప్పటికీ రాలేదు.

కాలుష్యం అనే మాట మా జిల్లాలో ప్రతి పత్రికలోనూ ఉంది. నాయిన మాట ఒక్క చోటే ఉండేది. అక్కడ నేను తెల్లరంగు పూశాను.

మర్నాడు మా అమ్మాయి, ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతోంది, విషయం విని, "అయ్యో నాన్నా, గిట్ పెట్టుకోవలసింది" అంది.

పక్క గదిలోంచి మా ఆవిడ, "గిట్ల పెట్టుకోవాలా, గట్ల పెట్టుకోవాలా అని ఇప్పుడు అనుకుని ఏం లాభం?" అంది. గిట్ల కాదమ్మా, గిట్ అని పిల్ల సర్దిచెప్పేసరికి, "ఆ పేరే నాకు గిట్టలేదు" అని ముగించింది.

ఆమె తప్పేమీ లేదు. ఆ పేరు పెట్టినవాడు కూడా దాన్ని ముద్దుకు పెట్టలేదు. ఇంగ్లండులో గిట్ అంటే చికాకు పుట్టించే మనిషి అని తిట్టు. దీన్ని తయారుచేసినాయన లైనస్ టోర్వాల్డ్స్, ఫిన్లండులో పుట్టినవాడు. లినక్సు అనే సాఫ్టువేరుకు మూలపురుషుడు. ప్రపంచం నలుమూలలా వేలమంది కలిసి రాసే ఆ లినక్సులో ఎవరు ఏ వరస మార్చారో లెక్క ఉంచడానికి ఒక కంపెనీవారి సాఫ్టువేరు వాడుకునేవారు. 2005లో ఆ ఉచిత వాడకం రద్దయింది. టోర్వాల్డ్స్ విసుగు పుట్టి, ఆ ఏప్రిలులో కూచుని కొద్ది రోజుల్లోనే సొంతంగా ఒకటి రాసేశాడు. అదే గిట్. ఇవాళ లోకంలో సాఫ్టువేరు రాసేవారిలో చాలామంది దీన్నే వాడతారు.

ఈ ఆలోచన మాత్రం ఆయనతో పుట్టలేదు. 1972లోనే అమెరికాలో బెల్ ప్రయోగశాలలో మార్క్ రోచ్‌కైండ్ అనే ఆయన ఇటువంటిది మొదటగా చేశాడు. 1982లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో వాల్టర్ టిచీ అనే ఆయన మరొకటి చేశాడు. అంటే యాభై ఏళ్ళుగా కంప్యూటరు పండితులు తాము రాసింది ఏదీ చెరపకుండా దాచుకుంటున్నారన్న మాట. ఈ సంగతి మనబోటి గృహస్థులకు చెప్పినవారే లేరు.

అసలిది చేసే పని ఏమిటో మా అమ్మాయి చెప్పినట్టే చెబుతాను. మీకు ఒక సంచీ ఉంది, అందులో కాగితాలున్నాయి అనుకోండి. సంచీ అంటే కంప్యూటరులో ఫోల్డరు. "గిట్ ఇనిట్" అని ఒక్క ఆజ్ఞ ఇస్తే, గిట్ ఆ సంచీలో కనపడని అర ఒకటి కుట్టుకుంటుంది. తరవాత మీరు ఎప్పటిలాగే రాసుకుంటారు, దిద్దుకుంటారు. ఒక మజిలీకి వచ్చామనిపించినప్పుడు "గిట్ యాడ్" అని, ఏ కాగితం చేర్చాలో చెప్పి, "గిట్ కమిట్" అని, ఎందుకు మార్చారో ఒక ముక్క రాస్తారు. అప్పుడు ఆ క్షణంలో కాగితం ఎలా ఉందో అలాగే, మీ పేరు, తేదీ, వేళ, కారణంతో సహా ఆ అరలోకి పోతుంది. "గిట్ లాగ్" అంటే ఈ నమోదులన్నీ వరసగా చదువుతుంది. "గిట్ డిఫ్" అంటే నిన్నటికీ ఇవాళ్టికీ ఏది పోయింది, ఏది వచ్చింది అని ఒకదాని కింద ఒకటిగా చూపిస్తుంది. పాతది కావాలంటే "గిట్ రీస్టోర్" అని, ఏ నాటిది కావాలో చెబితే తెచ్చిపెడుతుంది.

పేరు, తేదీ, కారణం, కింద కనపడే పాత అక్షరం. వింటూ వింటూ నాకు ముచ్చెమటలు పోశాయి. నేను ఫ్యాక్టరీలో పాతికేళ్ళుగా ఊదరగొట్టేది ఇదే కదా! కుర్ర కెమిస్టు మీద కొట్టిన ఉపన్యాసం నా వీపు మీదే పడింది.

ఇంకొక సంగతి నాకు బాగా నచ్చింది. మా రికార్డు పుస్తకాలలో పేజీలకు అంకెలు ముందే వేసి ఉంటాయి, మధ్యలో ఒకటి చింపితే తెలిసిపోతుంది. గిట్ కూడా ప్రతి నమోదుకూ నలభై అక్షరాల సంఖ్య ఒకటి వేస్తుంది. మామూలు వరస సంఖ్య కాదది. లోపల ఉన్న సరుకును బట్టి లెక్కకట్టి వేసేది. పైగా ప్రతి నమోదులోనూ దానికి ముందున్న నమోదు సంఖ్య కూచుని ఉంటుంది. అంచేత పాతదాంట్లో ఒక్క చుక్క మార్చినా దాని సంఖ్య మారుతుంది, దాని వెనకవాటి సంఖ్యలన్నీ మారిపోతాయి. ఎవరికీ తెలియకుండా చడీచప్పుడు లేకుండా మార్చడం కుదరదు.

పోల్చి చూడడమనేది మన భాషకు కొత్త కాదు. వేమన పద్యాలు 1829లో అచ్చువేయించిన సి.పి.బ్రౌన్ దొర, వేరువేరు చోట్ల నుంచి రాతప్రతులు తెప్పించి, ఒకదాని పక్క ఒకటి పెట్టి చూసుకున్నాడు. ఒక ప్రతిలో ఒక మాట, ఇంకో ప్రతిలో ఇంకో మాట. ఏ లేఖకుడు ఎప్పుడు ఎందుకు మార్చాడో చెప్పేవారెవరూ లేరు. ఆ రాతగాళ్ళలో నాబోటి దిద్దుడుగాళ్ళు ఎందరుండేవారో!

ఇక మీలో ఎవరికైనా ఉత్సాహం పుడితే, నేను తిన్న దెబ్బలు మీరు తినకుండా కొన్ని మాటలు.

గిట్ ఉచితం. డబ్బు కట్టనక్కరలేదు. మన ఇంటి కంప్యూటరులోనే పని చేస్తుంది, తెచ్చి పెట్టుకున్నాక ఇంటర్నెట్ కూడా అక్కరలేదు. గిట్‌హబ్ అనే ఇంకొక పేరు వింటారు. అది వేరు, ఇంటర్నెట్‌లో గిట్ సంచీలు దాచే అద్దె గిడ్డంగి వంటిది. ఇంటి లెక్కలకు దాని అవసరం లేదు. పెట్టదలిస్తే నలుగురికీ కనపడే చోట పెడుతున్నారో, తాళం వేసిన గదిలో పెడుతున్నారో చూసుకుని పెట్టాలి.

ఆజ్ఞలు టైపు చెయ్యడం చేతకాకపోతే బొమ్మలు నొక్కి నడిపే పద్ధతులూ ఉన్నాయి. విండోస్ కంప్యూటరుకు టార్టాయిస్‌గిట్ అని ఒకటుంది. టార్టాయిస్ అంటే తాబేలు. మా ఆవిడకు గిట్ గిట్టకపోయినా తాబేలు నచ్చింది.

ఇది తనంతట తాను ఏమీ రాసుకోదు. మనం కమిట్ అంటేనే నమోదు. మధ్యలో పది సార్లు దిద్ది ఒక్కసారి కమిట్ చేస్తే ఆ ఒక్కటే మిగులుతుంది. దేవుడి ముందు దీపం లాగా, పని ముగించేముందు ఒకసారి అలవాటు చేసుకోవాలి.

సాదా అక్షరాల ఫైలయితే దీనికి పండగ. తెలుగు నిక్షేపంలా చదువుతుంది. వర్డ్‌లో రాసిన ఫైలును కూడా దాచి, అడిగితే పాతది తెచ్చి ఇస్తుంది గాని, ఏ మాట మారిందో మామూలుగా చూపలేదు. ఎంచేతంటే ఆ ఫైలు లోపల మూట కట్టి ఉంటుంది. అందుకని నేను రాతంతా నోట్‌పాడ్‌లోకి మార్చేశాను. ఇంకో కిటుకు: పేరా అంతా ఒకే వరసలో పొడుగ్గా కొడితే, ఒక్క మాట మార్చినా పేరా మొత్తం మారినట్టు చూపిస్తుంది. ఒక్కో వాక్యం ఒక్కో వరసలో రాసుకుంటే ఏ వాక్యం మారిందో ఇట్టే కనపడుతుంది. ఫైలుకు తెలుగులో పేరు పెడితే మొదట్లో అంకెల గొలుసు చూపించి భయపెడుతుంది. కోట్‌పాత్ అనే అమరికను ఫాల్స్ అని మారిస్తే పేరు పేరులాగే కనపడుతుంది.

పెళ్ళి వీడియోలు, ఫోటోలు ఇందులో కుక్కకండి. పాతవి ఏవీ పోవు గనుక సంచీ ఉబ్బిపోతుంది. బ్యాంకు రహస్య సంఖ్యలు అసలు పెట్టకండి. చెరపనివ్వకపోవడమే దీని సుగుణం, దీని దుర్గుణం కూడా అదే. ఒకసారి లోపలికి పోయిన రహస్యం, పైన చెరిపేసినా, అడుగున పాత నమోదులో చెక్కుచెదరకుండా ఉంటుంది. లోపలినుంచి తీసే మార్గం లేకపోలేదు గాని, అది పెద్ద శస్త్రచికిత్స.

అన్నిటికన్నా ముఖ్యమైనది: గిట్ ఉంటే కంప్యూటరు చెడిపోదని అనుకోకండి. కనపడని అర కూడా ఆ సంచీలోదే. కంప్యూటరు డిస్కు పోతే చరిత్ర కూడా పోతుంది. అందుకని "గిట్ క్లోన్" అని చెప్పి మొత్తం చరిత్రతో సహా ఇంకొక ప్రతి పెన్‌డ్రైవులోకి తీసి వేరే ఇంట్లో ఉంచాలి. ఇదెంత అవసరమో మా పటాన్‌చెరు వాళ్ళకు చెప్పనక్కరలేదు. 1972లో ఇక్కడ ఏర్పడిన ఇక్రిశాట్‌లో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగల పాత విత్తనాలు లక్షకు పైగా రకాలు చల్లటి గదుల్లో దాచారు. కొత్త వంగడం ఎంత బాగా పండినా పాత విత్తనం పారెయ్యరు. ఒక్కో రకానికి ఒక్కో సంఖ్య, అది ఎక్కడిదో వివరం. అంత జాగ్రత్తగా దాచి కూడా, ఇక్కడే ఉంటే ఎప్పటికేమవుతుందోనని, మంచు దేశం నార్వేలో 2008లో తెరిచిన స్వాల్‌బార్డ్ విత్తన భాండాగారానికి రెండో ప్రతులు పంపించారు. కంది గింజకే అంత ఏర్పాటు కావలసివస్తే, నాయిన మాటకు ఒక పెన్‌డ్రైవు ఎక్కువా?

ఇంత శ్రమ మావల్ల కాదంటారా? ఫరవాలేదు. గూగుల్ డాక్స్‌లో రాసేవారికి వెర్షన్ హిస్టరీ అని ఒకటుంటుంది, పాత ప్రతులు చూపిస్తుంది. అయితే స్థలం కోసం అది పాతవాటిని ఒకదాంట్లో ఒకటి కలిపేయవచ్చు. ముఖ్యమైన ప్రతికి పేరు పెట్టి ఉంచుకోవడం మేలు. అదీ వద్దంటే, దిద్దబోయే ముందు ఒక కాపీ తీసి, దాని పేరులో తేదీ వేసి, "దీన్ని ముట్టుకోరాదు" అని రాసి పక్కన పెట్టండి. ఫైనల్ అని మాత్రం రాయకండి. లోకంలో ఫైనల్ అనేది ఒక్కటే ఉంది, అది వచ్చాక ఎవరూ ఏదీ దిద్దలేరు.

మా ఇంట్లో ఏం చేశామంటే, తమ్ముడి పాత ఫోనులో నాయిన మాట్లాడిన పదకొండు నిమిషాల రికార్డింగు ఒకటి దొరికింది. వాగు చెడకముందు సంగతి అది. దాన్ని ఈసారి విన్నది విన్నట్టు రాశాను: "గా వాగుల నీళ్ళు దోసిట్ల పట్టుకుంటే అడుగున ఇసుక గింజ గింజ కనవడుతుండె." నా "మిక్కిలి స్వచ్ఛముగా" దాని పక్కన పెట్టి డిఫ్ కొట్టి చూశాను. కంప్యూటరు నా వాక్యం ఎర్రగా, నాయిన వాక్యం పచ్చగా చూపించింది. నాకు ఆ ఎరుపు బాగా తగిలింది.

మిగతా భాగానికి అత్తను పిలిపించాం. నేను చదువుతుంటే ఆమె, "గట్ల కాదు, గిట్లనేటోడు" అని చెప్పడం, అమ్మాయి టైపు చెయ్యడం. ఒక్కొక్క ఆదివారం ఒక్కొక్క పేజీ. గిట్‌లో రాసినవారి పేరు వేరుగా చెప్పవచ్చు. అంచేత ఆ మార్పులన్నిటికీ అత్త పేరే వేశాం. కారణం దగ్గర "అత్త జ్ఞాపకం నుంచి, నాయిన మాటేనని ఖాయం కాదు" అని అమ్మాయి నిజాయితీగా రాసింది. నా దిద్దుబాట్లు కూడా పారెయ్యలేదు. అవి నా పేరు మీద, నా తేదీతో, అడుగున ఉన్నాయి. మనవలు ఎవరైనా చూస్తే ఈ పని చేసినదెవరో తెలియాలి గదా.

వాగు నీళ్ళ మాట దగ్గర మాత్రం "కాలుష్యము" తీసేసి, ఖాళీ వరస ఉంచాం. కారణం నేనే రాశాను: "ఇక్కడ నాయిన మాట ఒకటి ఉండేది. 2020లో నేను చెరిపాను." కింద నా పేరు, తేదీ.

ఆ సోమవారం ఆఫీసుకు వెళ్ళగానే 3 ను 8 చేసిన కుర్రవాడు మళ్ళీ ఒక కాగితం తెచ్చాడు. తప్పు రాశాడు. ఒకే గీత కొట్టి, సంతకం చేసి, తేదీ వేసి, కారణం రాశాడు. నాకేసి బెదురుగా చూశాడు.

"బాగుంది బాబూ" అన్నాను. ఉపన్యాసం ఏమీ చెప్పలేదు.

అత్త నిన్న ఫోను చేసింది. ఆ మాట "మ"తో మొదలవుతుందేమోనని అనిపిస్తోందట. అది కూడా నమోదు చేశాం.